పిడుగుల మీద పేపరు

శోభ పంపిన పరిశోధన పేపరు మొదటిసారి తిరిగొచ్చింది మే నెలలో. ఆదోనిలో ఎండ మండిపోతోంది. డిగ్రీ కాలేజీ స్టాఫ్ రూములో ఫ్యాను తిరుగుతోంది కానీ గాలి మాత్రం ఎవరికీ తగలడం లేదు. ఆమె ఫోనులోనే పత్రికవాళ్ల ఉత్తరం చదువుకుంది. చదివి, ఫోను బల్ల మీద బోర్లా పెట్టి, ఫిజిక్స్ రికార్డులు దిద్దడం మొదలుపెట్టింది. రెండు రికార్డులు దిద్దాక మళ్లీ ఫోను తీసి మొదటినుంచి చదివింది.

వాతావరణ శాస్త్రానికి మన దేశంలో పేరున్న పత్రికల్లో అదొకటి. మూడు నెలలకోసారి వస్తుంది. ఋతుపవనాల మీద, తుఫానుల మీద, మేఘాల మీద పనిచేసేవాళ్లు అందులో తమ పేరు చూసుకోవాలని ఏళ్ల తరబడి ఎదురుచూస్తారు. శోభకు పేరు యావ లేదు. ఆమె చెల్లెలు ఇందు పిడుగు పడి చనిపోయింది. అందుకని రాసింది.

వాళ్లది కౌతాళం మండలంలో కాలువ చివరి ఊరు. చివరి ఊరు కనుక కాలువ ఉన్నా నీళ్లు రావు. అమ్మ శాంతమ్మ కూలికి పోయి ఇద్దరు ఆడపిల్లల్ని పెంచింది. పెద్దది చదివింది, ఆదోనిలో లెక్చరరయింది. చిన్నది చదవలేదు, తల్లితో పాటు కూలి గుంపులో పోయేది. పోయిన సెప్టెంబరులో లక్ష్మప్ప చేలో ఉల్లిగడ్డలు పీకుతుంటే పడమటి నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. చినుకులు పడగానే ఆడవాళ్లు కొందరు గట్టు మీది వేపచెట్టు కిందికి పరుగెత్తారు. ఇందు, ఇంకా ఇద్దరు. పిడుగు ఆ చెట్టు మీదే పడింది. శాంతమ్మ గడ్డల రాశి మీద పట్ట కప్పుతూ వెనకబడింది. వెనకబడడం వల్లనే బతికింది.

సమాధుల దగ్గర లక్ష్మప్ప శోభ ముందుకొచ్చి నిలబడ్డాడు. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి. తన ఫోను తీసి ఆమె చేతికిచ్చాడు.

"ఇది సూడమ్మా. పిడుగు పడతాదని మెసేజి వచ్చింది. అది పడేదానికి ముప్పావుగంట ముందే వచ్చింది. నేను ఆదోని మార్కెట్లో ఉంటి. గడ్డల రేటు మాట్లాడుకుంటా ఉంటి. సూసుకోలేదమ్మా."

శోభకు అతని మీద కోపం రాలేదు. అతను చూసుకున్నా ఎవరికి చెప్పేవాడు? ఇందు ఫోను ఇంట్లో చార్జింగులో ఉంది. మిగతా ఇద్దరికీ ఫోన్లే లేవు. హెచ్చరిక ఆకాశం నుంచి దిగి, ఎక్కడెక్కడో తిరిగి, చేనుగలాయన జేబు దాకా వచ్చి ఆగిపోయింది. చేలో వంగి ఉన్నవాళ్ల దాకా రాలేదు.

ఆ చలికాలమంతా ఆమె ఆదివారాలు బస్సులెక్కింది. హొళగుంద, నందవరం, కౌతాళం, ఎమ్మిగనూరు చుట్టుపక్కల ఊళ్లు. పిడుగు పడి మనిషి పోయిన ఇళ్లు వెతుక్కుంటూ పోయి, ఆ రోజు ఏం జరిగిందో అడిగేది. హొళగుంద వైపు కొన్ని ఇళ్లలో కన్నడంలోనే ఏడ్చారు, ఆమె కన్నడంలోనే ఓదార్చింది. ఎక్కడికి పోయినా ఒకటే తేలింది. కబురు ముందే వచ్చింది. కావలసినవాళ్లకు మాత్రం రాలేదు. అదే పేపరుగా రాసి, ఊళ్లో చెవికి వినబడేటట్టు హెచ్చరిక ఇస్తే ప్రాణాలు మిగులుతాయని చివర రాసి, పత్రికకు పంపింది.

పత్రికవాళ్లు పేరు తెలియని ఇద్దరు నిపుణులకు దాన్ని చూపించారు. వాళ్ల అభిప్రాయం మర్యాదగానే ఉంది. శబ్దంతో హెచ్చరిస్తే నష్టం తగ్గుతుందన్న మాటకు ఆధారం లేదు, ఒక్క ఊళ్లోనైనా ఒక వానాకాలం ప్రయత్నించి ఫలితాలు జతచేస్తే మళ్లీ పరిశీలిస్తాం అన్నారు. వాళ్లన్నది న్యాయమేనని శోభకే అనిపించింది.

ఆ ఆదివారం ఊరికి పోయేసరికి శాంతమ్మ వాకిట్లో కూర్చుని శనగలు చెరుగుతోంది.

"ఏమన్నారు పేపరోళ్లు?"

"మళ్లా రాయమన్నారు."

"ఇందు పేరు ఏసినావా దాంట్లో?"

"పేర్లు రాయరమ్మా దాంట్లో."

"మరేం రాస్తారు?"

"ఎంతమంది పోయినారు, ఏ నెలలో, పొద్దునా సాయంత్రమా, సెట్టుకింద ఉన్నారా, సేతిలో ఫోను ఉండెనా లేదా... ఇట్ల."

శాంతమ్మ చేట ఆపింది. "అట్లైతే ఆ పోయింది ఇందు అని సదివినోళ్లకు ఎట్ల తెలుస్తాది?"

శోభ కింద పడిన శనగలు ఏరి చేటలో వేసింది. తల్లి మళ్లీ చెరగడం మొదలుపెట్టింది.

ఊరి చర్చి మీద రెండు పెద్ద మైకు గొట్టాలున్నాయి. తెల్లవారుజామున పాటలు పెడితే అవతలి ఊరికి కూడా వినిపిస్తాయి. సంఘపెద్ద ఇశ్రాయేలును శోభ చిన్నప్పటినుంచీ మామా అని పిలుస్తుంది. ఆయన దగ్గరికి పోయి సంగతంతా చెప్పింది. ఫోనులో పిడుగులు పడే చోట్లు చుక్కలుగా కనిపిస్తాయని, ఊరి చుట్టూ తాను ఒక గిరి గీసుకుంటానని, ఆ గిరిలోకి చుక్క రాగానే ఫోను చేస్తానని, ఆయన మైకు వేసి చెబితే చాలని.

ఆయన తలెత్తి మైకు గొట్టాల వైపు చూశాడు. "దేవుని మాట కోసం పెట్టిన మైకు పాపా ఇది. మనుషులు బతికేదానికి వాడుకుంటే ఆయనేమీ అనుకోడులే. నువ్వు ఫోను సెయ్యి. నేను యాడున్నా లగెత్తి వస్తా."

గుంపు మేస్త్రీ తిప్పమ్మ. ఊళ్లో ఆడవాళ్లను కూడగట్టి పనికి తీసుకుపోయేది ఆమె. గొంతు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. ఇందును తన కోడలిగా చేసుకోవాలని అనుకున్న మనిషి. శోభ చెప్పింది వినగానే అందరినీ బడి దగ్గర పోగుచేసింది.

"ఇశ్రాయేలన్న మైకులో కేకేస్తే, సేతిలో ఏముంటే అది ఆన్నే పారేసి బడి వసారాలోకి రావల్ల. సెట్టుకిందికి ఎవుతన్నా పోతే నేనే కొడతా."

జూలైలో మొదటి పరీక్ష వచ్చింది. ఆడవాళ్లు పత్తి చేలో కలుపు తీస్తున్నారు. శోభ గిరిని దూరంగానే గీసింది, మనుషులు చేలు దాటి బడికి చేరేంత వ్యవధి ఉండాలని. నది అవతల సిరిగుప్ప వైపు చుక్కలు లేచి ఇటు దాటగానే ఫోను చేసింది. ఇశ్రాయేలు మైకులో అరిచాడు. ఆడవాళ్లు చీరలు ఎగదోపుకుని పరుగెత్తి వసారాలో కూర్చున్నారు. అందరూ చేరిన కాసేపటికి ఆకాశం బద్దలైనట్టు మోగింది. వాన వెలిశాక పోయి చూస్తే వాళ్లు కలుపు తీస్తున్న చేని గట్టు మీద తుమ్మచెట్టు నిలువునా చీలి ఉంది. కాండం లోపలినుంచి ఇంకా పొగ వస్తోంది.

తిప్పమ్మ ఆ సాయంత్రం శోభకు ఫోను చేసింది. ఏడ్చింది. చివరికి, "నీ పేపరు సల్లగుండ తల్లీ" అంది.

ఇందు పోయాక శోభ కడుపునిండా అన్నం తిన్నది ఆ రోజే.

ఆగస్టులో కథ మారింది. మబ్బులు వస్తాయి, ఉరుముతాయి, ఊరి పక్కగా పోతాయి. శోభ ఫోను చేస్తుంది, ఇశ్రాయేలు కేకేస్తాడు, ఆడవాళ్లు పరుగెత్తి వస్తారు. వసారాలో కూర్చుంటారు. ఎదురుగా ఎండ కాస్తుంటుంది. గంట గడిచినా ఏమీ పడదు. తిరిగి చేలోకి పోయేసరికి రైతు గట్టు మీద నిలబడి ఉంటాడు. మొదట్లో లక్ష్మప్ప లాంటివాళ్లు, పోనీలే ప్రాణాల కంటే ఎక్కువా, అన్నారు. ఐదోసారి ఎవరూ ఆ మాట అనలేదు.

సెప్టెంబరులో ఉల్లిగడ్డల పని వచ్చింది. పీకిన గడ్డ చేలో తడిస్తే కుళ్లిపోతుంది. వాన వచ్చే సూచన ఉన్నప్పుడే రైతుకు మనుషులు ఎక్కువ కావాలి, సరిగ్గా అప్పుడే ఈ ఊరి ఆడవాళ్లు పని వదిలి బడికి పరుగెత్తుతున్నారు. రైతులు నందవరం వైపు నుంచి ఆటోల్లో వేరే గుంపులను పిలిపించుకోవడం మొదలుపెట్టారు. ఆ ఆడవాళ్లకు ఈ మైకు సంగతి తెలియదు. ఒకరోజు మైకు మోగుతుంటే, ఏమప్పా అది, అని వాళ్లు అడిగితే, చర్చిలో ప్రార్థన లేమ్మా, మీరు కానీండి, అన్నాడట ఒక రైతు.

పత్తి విచ్చే కాలానికి ఊరి గుంపు వారంలో సగం రోజులు ఇళ్లలోనే ఉంది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఆడవాళ్లంతా శాంతమ్మ వాకిట్లోకి వచ్చారు. శోభ లోపలినుంచి వచ్చేసరికి నేల మీద కూర్చుని ఉన్నారు. తిప్పమ్మే మొదలుపెట్టింది.

"పాపా, ఆ మైకు ఆపేయి."

"ఏం పెద్దమ్మా? ఏమాయె?"

"ఏమాయెనో నీకు తెలీదా? పనికి ఎవరూ పిలుస్తలేరు. మీరు లగెత్తేవోళ్లు, మీరొద్దు అంటాండారు. నిన్న లక్ష్మప్ప సేన్లో ఆ నందవరం వోళ్లు పత్తి తీస్తాంటే, మేము రోడ్డు మీద నిలబడి సూస్తిమి. మా ఊరి సేనది."

"జూలైలో తుమ్మసెట్టు సూసినారు గదా. రాకుంటే ఏమవుతుండె?"

"ఆ పొద్దు నిజమాయె. లేదంటానా? తర్వాత ఎన్నిసార్లు పిలిస్తివి, ఎన్నిసార్లు పడె? నువ్వే సెప్పు."

"మబ్బు వస్తాండాదని తెలుస్తాది పెద్దమ్మా. మన సేన్లోనే పడతాదా, పక్కన పడతాదా అనేది ఎవరూ సెప్పలేరు. ఎంత సదివినోళ్లయినా సెప్పలేరు."

"సెప్పలేనిదానికి మేము పని ఇడిసి రావల్లనా?"

శోభ తల్లి వైపు చూసింది. శాంతమ్మ గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. కన్నకూతుర్ని పోగొట్టుకున్న మనిషి. ఈమె అయినా తన తరఫున మాట్లాడుతుందని శోభ ఆశపడింది.

"తిప్పమ్మ సెప్పేది ఇను పాపా" అంది శాంతమ్మ. "నీకు నెలకు జీతం వస్తాది. నువ్వు నన్ను సాకుతావు. వీళ్లను ఎవరు సాకుతారు?"

తిప్పమ్మ లేచి వచ్చి శోభ చేయి పట్టుకుంది.

"పూర్తిగా వద్దనేది లేదులే. నెత్తి మీదికి వస్తేనే పిలువు. దూరంలో ఉన్నప్పుడు పిలువొద్దు. అంతే. నీకు దండం పెడతా."

ఆ పూటే శోభ ఇశ్రాయేలు ఇంటికి పోయింది. ఫోనులో గిరిని సగానికి పైగా తగ్గించి చూపించింది.

"దీంట్లోకి వస్తేనే పిలుస్తా మామా ఇంక."

"మంచిదే కదా?"

"దూరం తగ్గితే టైము తగ్గుతాది. కేకేసినాక బడి దాకా వచ్చే టైము ఉంటాదో లేదో. సేని ఆ కొసన ఉన్నోళ్లకైతే ఉండదు."

ఇశ్రాయేలు గడ్డం నిమురుకున్నాడు. "మరి అసలు రాకుండా పోయేదానికంటే..." అని ఆగిపోయాడు. ఇద్దరికీ ఇంకో దారి కనిపించలేదు.

కొత్త గిరి పెట్టాక మైకు మోగడం బాగా తగ్గింది. గుంపును మళ్లీ పనికి పిలిచారు. మైకు మోగిన ఒకటి రెండుసార్లూ ఊళ్లో వాన పడింది, పొలిమేరలో ఎక్కడో పిడుగు కూడా పడింది, ఆడవాళ్లు తడుస్తూనే బడికి చేరారు. తిప్పమ్మ సంతోషపడింది. "ఇప్పుడు సరిగ్గా సెప్తాండావు" అంది.

అక్టోబరు నడిమిలో కాలేజీలో పరీక్షలు జరుగుతున్నాయి. శోభ హాల్లో ఇన్విజిలేషన్ చేస్తూ, ఫోను శబ్దం తీసేసి చేతిలో పట్టుకుని ఉంది. నది అవతల చుక్కలు లేచాయి. పది నిమిషాలకు ఒకసారి చూసింది, తర్వాత రెండు నిమిషాలకు ఒకసారి. చుక్కలు నది దాటి ఇవతలి ఒడ్డు దాకా వచ్చి ఆగాయి. జూలైలో అయితే ఈపాటికి ఫోను చేసి ఉండేది. వేలు ఇశ్రాయేలు పేరు మీదికి పోయింది. ఇప్పుడు పిలిచి ఏమీ పడకపోతే? మాట తప్పినట్టవుతుంది. ఇంకోసారి మైకు మోగితే ఎవరూ తల కూడా ఎత్తరు. గిరిలోకి రానీ, అనుకుంది. వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి అడిషనల్ షీటు అడిగింది. ఇచ్చింది. సంతకం పెట్టింది. మళ్లీ ఫోను చూసేసరికి చుక్కలు ఒడ్డున లేవు. ఒక్క దూకులో గిరి దాటి సరిగ్గా ఊరి మీద ఉన్నాయి.

హాలు వదిలి వరండాలోకి పరుగెత్తి ఫోను చేసింది. ఇశ్రాయేలు వెంటనే ఎత్తాడు. ఆయన మైకు స్విచ్చి వేసిన చప్పుడు కూడా ఆమెకు వినిపించింది. ఆ తర్వాత వినిపించింది మైకు కాదు.

పత్తి చేలో ఒడి కట్టుకుని సాలు వెంట నడుస్తున్న తిప్పమ్మ మీద పడింది. చుట్టూ ఒక్క చెట్టు కూడా లేదు. శోభ వద్దన్నా గుంపుతో పోతూనే ఉన్న శాంతమ్మ రెండు సాళ్ల అవతల ఎగిరి పడింది. స్పృహ వచ్చేసరికి కాళ్లు కదల్లేదు. పిడుగు పడేటప్పటికి మిగతావాళ్లు ఉరుము విని బడి వైపు నాలుగు అడుగులు వేశారు, అంతే.

ఆదోని ఆసుపత్రిలో శాంతమ్మ కాళ్లలోకి చలనం తిరిగి రావడానికి మర్నాటి దాకా పట్టింది. శోభ మంచం పక్కనే ఉంది. తిప్పమ్మ కొడుకు వీరేష్ తల్లి శవం కోసం అదే ఆసుపత్రికి వచ్చి, బయట వేపచెట్టు అరుగు మీద కూర్చున్నాడు. శోభ పోయి అతని పక్కన నిలబడింది. ఏదో అంటాడని, తిడతాడని సిద్ధపడే పోయింది. అతను ఆమె వైపు చూడకుండా మాట్లాడాడు.

"మా యమ్మకేం తెలుసు మేడం? సంతకం పెట్టేకి కూడా రాదు ఆమెకు. సదువుకున్నోళ్లు మీరు. మా యమ్మ వద్దంటే మీరెందుకు ఇంటిరి?"

వీరేష్ మొహం తుడుచుకుని లేచి, లోపల పిలుస్తున్నారని వెళ్లిపోయాడు. ఇంకెవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. ఊళ్లో అందరూ తిప్పమ్మకు కాలం తీరిందన్నారు. మైకు ముందే మోగినా ఆమె వచ్చేది కాదులే అని కూడా అన్నారు. అది నిజం కాదని శోభకు తెలుసు.

డిసెంబరులో ఆమె పేపరు తిరగరాసింది. జరిగింది జరిగినట్టు రాసింది. పత్రిక పద్ధతి ప్రకారం రెండు దశలుగా విడగొట్టింది. దూరం గిరి ఉన్నప్పుడు ఎన్నిసార్లు హెచ్చరించారు, ఎన్నిసార్లు పడింది, ఎన్నిసార్లు పడలేదు, దగ్గర గిరి పెట్టాక ఎన్ని. పట్టికలో "సకాలంలో అందని హెచ్చరికలు" అనే గడి ఉంటుంది. రెండో దశ కింద ఆ గడిలో ఒకటి అని వేసింది. తిప్పమ్మ ఆ ఒకటి. దూరం గిరే సరైనదని, కూలీకి పనిలో రక్షణ లేకపోతే ఏ హెచ్చరికా నిలబడదని ముగింపు రాసి పంపింది.

మార్చిలో జవాబు వచ్చింది. ఈసారి పేపరు తీసుకున్నారు. నిపుణులిద్దరూ మెచ్చుకున్నారు. అయితే ముగింపు మార్చమన్నారు. మొదటి దశలో తప్పుడు హెచ్చరికలు మరీ ఎక్కువని, రెండో దశలో బాగా తగ్గాయని, ప్రజలు కూడా రెండో పద్ధతినే ఇష్టపడ్డారని, పట్టిక చెప్పేది అదేనని రాశారు. ఒక్క సంఘటనను పట్టుకుని పద్ధతి మంచిచెడ్డలు తేల్చడం శాస్త్రం ఒప్పుకోదని కూడా రాశారు.

శోభ సంపాదకుడికి పెద్ద ఉత్తరం రాసింది. ఆ ఇష్టం ఎక్కడినుంచి వచ్చిందో రాసింది. పని పోతుందన్న భయం అది, ఇష్టం కాదు అంది. ఆయన ఓపికగా జవాబిచ్చాడు. మీ బాధ అర్థమైంది, కూలీల పని సంగతి మా పత్రిక పరిధిలోకి రాదు, మీ లెక్కలు మాత్రం మీ ముగింపును సమర్థించడం లేదు, కావాలంటే పేపరు వెనక్కి తీసుకోవచ్చు అన్నాడు.

ఆమె వెనక్కి తీసుకుందామనే అనుకుంది. తీసుకుంటే ఇందు, తిప్పమ్మ, తాను తిరిగిన ఆ ఇళ్లన్నీ ఎక్కడా లేకుండా పోతాయి. ఉంచితే ఈ తీరుగా ఉంటాయి. వారం రోజులు నలిగి, ముగింపు మార్చి పంపింది. చివర కృతజ్ఞతల్లో ఇద్దరి పేర్లు రాసింది. అచ్చయ్యేటప్పటికి ఆ చోట "సహకరించిన గ్రామస్తులకు" అని ఉంది.

జూన్ సంచికలో పేపరు వచ్చింది. కాలేజీ గేటు మీద ఆమె ఫొటోతో ఫ్లెక్సీ కట్టారు. శోభ ఊరికి పోయి ఫోనులో పేజీలు తల్లికి చూపించింది. శాంతమ్మ కుడికాలు ఇప్పటికీ కొంచెం ఈడుస్తుంది. గ్రాఫుల మీద వేలు పెట్టి, "బాగుందిలే" అంది. లేచి పొయ్యి దగ్గరికి పోయింది.

ఊళ్లో మైకు మళ్లీ పిడుగు కోసం మోగలేదు. ఇశ్రాయేలు వద్దనలేదు. తిప్పమ్మ పోయాక గుంపు విడిపోయి, ఎవరి దారిన వాళ్లు ఆటోల్లో వేరే ఊళ్లకు పోతున్నారు. పిలిచినా వినేవాళ్లు ఊళ్లో లేరు.

జూలైలో ఒక స్వచ్ఛంద సంస్థ నుంచి దినేష్ అనే అతను ఫోను చేశాడు. ఉత్సాహంగా ఉన్నాడు. పత్రికలో మీ పేపరు చూశామని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల ఊళ్లలో సైరన్లు పెడుతున్నామని, మొదటిదాన్ని మీరే ప్రారంభించాలని అన్నాడు.

"ఎంత దూరానికి పెట్టినారు?" అని అడిగింది శోభ.

"మీ రెండో పద్ధతే మేడం. తక్కువ దూరం."

"అది వద్దండీ. దూరం పెంచండి. టైము సరిపోదు."

అతను తికమకపడ్డాడు. "పేపర్లో మీరే సిఫారసు చేశారు కదా మేడం? మా వాళ్లందరూ అది చదివే ఒప్పుకున్నారు. యంత్రాలకు కూడా అట్లనే సెట్ చేసి పంపించినారు."

శోభ చెప్పగలిగినంత చెప్పింది. అతను విన్నాడు. పైవాళ్లను అడుగుతానన్నాడు. అడిగాడు కూడా. అచ్చులో ఉన్నదానికి భిన్నంగా చేస్తే తర్వాత మాట వస్తుందని వాళ్లు అన్నారట.

పోకూడదనే అనుకుంది. చివరికి పోయింది. అక్కడ నిలబడి అయినా నాలుగు మాటలు చెప్పవచ్చనుకుంది. నందవరం దారిలో బడి మేడ మీద ఎర్రరంగు సైరన్ బిగించి, షామియానా వేశారు. పనికి పోయే ఆడవాళ్లను ఆపి కూర్చోబెట్టారు. వాళ్ల ఆటో రోడ్డు మీద ఆగి ఉంది, డ్రైవరు మాటిమాటికీ హారను కొడుతున్నాడు. శోభ స్విచ్చి నొక్కింది. సైరన్ గట్టిగా మోగింది. అందరూ చప్పట్లు కొట్టారు. పత్రికలో పేరు వచ్చిన మేడం అని దినేష్ ఆమెను గురించి చెప్పి, ఆమెకు మైకు ఇచ్చేలోపే టైమైపోతోందని ఆడవాళ్లు లేచారు.

వాళ్లలో ఒకామె, అన్నం క్యారియరు చంకన పెట్టుకుని, శోభ దగ్గరికి వచ్చింది.

"ఇది కూస్తే లగెత్తల్లనా మేడం?"

"అవునమ్మా. వెంటనే. సెట్టుకిందికి పోవద్దు. ఈ బడిలోకి రావల్ల."

"కూసినాక ఎంతసేపు ఉంటాది?"

"కొంచెమే ఉంటాది."

"కొంచెమంటే?"

శోభ బడి ముందున్న చేల వైపు చూసింది. "ఈ ఎదురు సేన్లలో ఉంటే సాలుతాది."

"మేము వంక అవతల పోతాండామే. ఆన్నించి?"

వంక అవతలి చేలు బడి దగ్గరినుంచి పచ్చటి గీతలాగా కనిపిస్తున్నాయి. ఆటో డ్రైవరు మళ్లీ హారను కొట్టాడు. దినేష్ ఫొటోకు రమ్మని పిలుస్తున్నాడు. ఆమె శోభ మొహంలోకి చూస్తూ జవాబు కోసం నిలబడింది.

"సాలదు" అంది శోభ.

ఆమె కొంగు బిగించుకుంది. "సరేలే మేడం" అని ఆటో వైపు నడిచింది. లోపల అప్పటికే ఇరుక్కుని కూర్చున్న ఆడవాళ్లు జరిగి ఆమెకు చోటిచ్చారు.